మార్గసహాయపు చందా రైతునకు గిట్టునా?

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములలో పూర్వము ఎడ్లబండి యుండిన యింట నేడు మోటారు సైకిలు కనబడుచున్నది. ట్రాక్టరు గల కుటుంబములు అనేకములు. గల్ఫు దేశములలో కష్టించి పంపిన సొమ్ముతోనో, పసుపు మామిడి పంటలపై వచ్చిన రాబడితోనో కారు కొనినవారును గ్రామములలో గలరు. బండ్లు పెరిగిన కొలది వాని వెంట ఖర్చులును పెరుగుట సహజము. అట్టి ఖర్చులలో నొకటి యిటీవల మన సభ్యుల యెదుటికి తరచుగా వచ్చుచున్నది. కారు కొన్నచోటను, బీమా కాగితము తిరగవ్రాయించుకొను చోటను, ఫోనులోను, “ఏటికి ఇంత చెల్లింపుడు, మీ బండి దారిలో ఎక్కడ నిలిచినను మా మనిషి వచ్చి బాగుచేయును, కానిచో మోసికొనిపోవును” అని చెప్పి చందా కట్టించుకొనుచున్నారు. దీనినే రోడ్డుసైడ్ అసిస్టెన్సు అందురు. ఈ వ్యాసమున దీనిని మార్గసహాయమని పిలిచెదము.

ఈ చందా కట్టుట యుక్తమా కాదా యను విషయమున సభ్యులలో రెండు పక్షములు గలవు. “ఊరూర మెకానిక్కు లుండగా ఎక్కడనో యున్న కంపెనీకి చందా యేల?” యని యొక పక్షము. “అర్ధరాత్రివేళ పిల్లలతో దారిలో నిలిచినప్పుడు ఊరి మెకానిక్కు వచ్చునా? ఇల్లు కాలునప్పుడు బావి త్రవ్విన నేమి ప్రయోజనము?” అని రెండవ పక్షము. రెండింటియందును కొంత నిజము గలదు. నా యభిప్రాయ మేమన, తన మండలము దాటని బండికి ఈ చందా దండుగ. దూరప్రయాణములు చేయు కారునకు, అదియును బీమాతో కలిసి స్వల్పధరకు లభించినచో, కట్టదగినది. ట్రాక్టరునకు మాత్రము కంపెనీ చందాకంటె మన సంఘము చేసికొనదగిన ఏర్పాటే మేలు. ఇందులకు కారణములను క్రమముగా మనవి చేయుచున్నాను.

ఈ పద్ధతి యెట్లు పుట్టినది?

మార్గసహాయ మనునది మొదట వ్యాపారముగా పుట్టినది కాదు. మోటారు బండ్లు గలవారు తమలో తాము కూడి చేసికొన్న ఏర్పాటుగా పుట్టినది. అమెరికాలో 1902లో, ఇంగ్లండులో 1905లో, జర్మనీలో 1903లో ఇట్టి సంఘములు స్థాపింపబడినవి. ఇంగ్లండు సంఘము మొట్టమొదట చేసిన పని వినోదకరము. వేగముగా పోవు బండ్లను పట్టుకొనుటకు పోలీసులు మాటువేసిన తావులను తన సభ్యులకు ముందుగా తెలుపుటయే దాని తొలి యుద్దేశము. జర్మనీ సంఘము మోటారు సైకిళ్లవారిచే ప్రారంభింపబడి, నేడు రెండు కోట్లకు పైగా సభ్యులు గలదై యున్నది. అందరును కొంచెము కొంచెము వేసికొని, ఆపద వచ్చినవానికి ఆ సొమ్ముతో సాయపడుట యనునది సహకార సూత్రమే గదా.

కాని ఇంగ్లండు సంఘమును 1999లో సభ్యులే ఓటుచేసి ఒక పెద్ద కంపెనీకి విక్రయించిరి. ఆ దినము మొదలు అది సభ్యుల సొత్తు గాక వ్యాపారసంస్థ యయ్యెను. ఈ రెంటికిని గల భేదమును మనము గమనింపవలయును. సంఘము సభ్యులదైనచో ఏటి చివర మిగిలిన సొమ్ము సభ్యులకే మిగులును. వ్యాపార మైనచో, చందా కట్టియు పిలువనివారి సొమ్ము వ్యాపారికి మిగులును. ఇందు తప్పేమియు లేదు, వ్యాపారమన నదియే. కాని మనము పిలుచువారిలో నుందుమా, పిలువనివారిలో నుందుమా యని యెవరికి వారు ముందుగా లెక్క వేసికొనవలయును.

ఇదివరకే మన చేత నున్న దేమి?

క్రొత్త చందా కట్టుటకు ముందు, పాత కాగితములలో నేమున్నదో చూచుకొనుట మంచిది. బీమా యున్నది గదా, బండి నిలిచినచో బీమావారే చూచుకొందురని అనేకు లనుకొనుచున్నారు. ఇది పొరపాటు. మూడవ వ్యక్తికి కలుగు నష్టమునకు మాత్రమే చేయించు బీమా, అనగా చట్టము నిర్బంధించిన కనీసపు బీమా, మన బండిని గూర్చి యొక పైసయు నీయదు. మన బండి నష్టమునకు సైతము చేయించిన సంపూర్ణ బీమాలో, ప్రమాదమునకు గురియై కదలలేని బండిని సమీపపు గ్యారేజీకి చేర్చుటకు కొంత సొమ్ము గలదు. వాడుకలోనున్న ప్రామాణిక పత్రము ప్రకారము ఇది సొంత కారునకు ఒక ప్రమాదమునకు 1,500 రూపాయలకును, మోటారు సైకిలునకు 300 రూపాయలకును మించదు. ఇదియును ప్రమాదమునకు మాత్రమే. ఇంజను చెడి, తీగెలు కాలి, బ్యాటరీ సన్నగిల్లి నిలిచిన బండికి ఆ పత్రమున చోటు లేదు. యంత్రములోని లోపమువలన కలుగు నష్టము బీమాకు వెలుపలిదని అందే వ్రాసియుండును. ఈ వెలితిని పూడ్చుటకే మార్గసహాయము వచ్చినది.

రెండవది, క్రొత్త కారు కొన్నవారికి హామీ కాలము ముగియువరకు తయారుచేసినవారే ఇట్టి సహాయమును చేర్చి యిచ్చుట కలదు. ఆ కాలములో మరల వేరొకచోట చందా కట్టినచో ఒకే పనికి రెండు కూలులిచ్చినట్లగును. కారు పుస్తకమును తీసి చూచుట కరక్షణము చాలును.

మూడవది, ప్రభుత్వపు ఏర్పాట్లు. మనుష్యులకు దెబ్బలు తగిలినచో మొదట పిలువవలసినది 108. ఇది 2005 ఆగస్టు 15న మన ఉమ్మడి రాష్ట్రమున ప్రారంభమైనది. దీనికి చందా లేదు. రోడ్డు ప్రమాదమున గాయపడినవారికి ఏడు దినములవరకు, లక్షా యేబదివేల రూపాయలకు మించకుండ, సొమ్ము కట్టకయే చికిత్స జరుగునట్లు కేంద్రప్రభుత్వము 2025లో పథక మేర్పరచినది. జాతీయ రహదారులపై సహాయమునకు 1033 అను సంఖ్య గలదు. ఆర్మూరునుండి మెట్‌పల్లి, కోరుట్ల, జగిత్యాలల మీదుగా మంచిర్యాలకు పోవు 63వ సంఖ్య దారియు, జగిత్యాలనుండి కరీంనగరు మీదుగా వరంగల్లునకు పోవు 563వ సంఖ్య దారియు జాతీయ రహదారులే. టోలు వసూలుచేయు దారులపై గస్తీబండి, అంబులెన్సు, క్రేను సిద్ధముగా నుంచుట ఆ దారిని నడుపువారి బాధ్యత. కరీంనగరునుండి సిద్దిపేట మీదుగా హైదరాబాదునకు పోవు రాజీవ్ రహదారి రాష్ట్ర రహదారియైనను అందుపైనను టోలు గలదు. టోలు చెల్లించినవాడు ఆ సేవకును చెల్లించినట్లే. కావున రసీదును గాలికి విడువక జేబులో నుంచుకొని, అవసరమైనప్పుడు అడుగవలయును.

ఎవరికి గిట్టును? ఎవరికి గిట్టదు?

లెక్క లేని మాట రైతునకు పనికిరాదు. ఒక లెక్క వేసి చూతము. చందా ఏటికి 1,000 రూపాయ లనుకొందము. ధరలు సంస్థనుబట్టి మారును. ఇది లెక్కకొఱకు తీసికొన్న సంఖ్య మాత్రమే. అయిదేండ్లకు 5,000 రూపాయలగును. ఆ యయిదేండ్లలో బండి రెండుమారులు ఊరిచెంతనే నిలిచి, మెకానిక్కు వచ్చి మారునకు 500 రూపాయలు పుచ్చుకొన్నచో అయిన ఖర్చు 1,000. చందా కట్టినవాడు 4,000 రూపాయలు పోగొట్టుకొన్నవాడగును. అదే కారు ఒక్కమారు సిద్దిపేటవద్ద రాత్రివేళ నిలిచి, మోసితెచ్చుటకు 5,000 రూపాయలయినచో చందాయు ఖర్చును సరిపోవును. అట్లుగాక బీమాతో చేర్చి ఏటికి 300 రూపాయలకే ఈ సహాయము లభించినచో, అయిదేండ్లకు 1,500 మాత్రమే. ఒక్కమారు అక్కరకు వచ్చినను గిట్టుబాటగును. కావున చందా మంచిదా చెడ్డదా యని అడుగుటకంటె, నా బండి యేటికి ఎన్నిమారులు, ఎంత దూరము, ఏ వేళ పోవును, నాకు చెప్పిన ధర యెంత యని అడిగికొనవలయును.

మన ప్రాంతమున దూరప్రయాణము చేయువా రెవరు? గల్ఫునకు పోవువారిని శంషాబాదు విమానాశ్రయమునకు దింపి, వచ్చువారిని తోడ్కొనివచ్చు కార్లవారు మొదటివారు. జగిత్యాలనుండి అది రెండువందల కిలోమీటర్లకు పైబడిన దారి. ప్రయాణము తరచు రాత్రివేళ. అచ్చట బండి నిలిచినచో పోవునది మెకానిక్కు కూలి గాదు. విమానపు టిక్కెట్టు, ఒక్కొక్కప్పుడు వీసా గడువు, అప్పుచేసి పెట్టిన పెట్టుబడి. హైదరాబాదు ఆసుపత్రులకు రోగులను తీసికొనిపోవువారు రెండవవారు. మామిడి కాలమున నాగపూరు వైపు సరకు పంపువారు మూడవవారు. అయితే వారిది సరకు లారీ గనుక సొంత కార్లకు చెప్పు పథకము వారికి చెల్లదు, వాణిజ్యవాహనపు పథకమునే విచారించుకొనవలయును. మొదటి యిద్దరును, తమ కారు హామీ కాలము దాటినదైనచో, బీమాతో చేర్చుకొనుట వివేకము.

కోరుట్లనుండి మెట్‌పల్లికిని, వేములవాడనుండి సిరిసిల్లకును, పొలమునుండి యింటికిని తిరుగు మోటారు సైకిలు సంగతి వేరు. అది నిలిచినచో త్రోసికొనిపోయినను ఒక పంక్చరు దుకాణము తగులును. దానికి వేయి రూపాయల చందా కంటె అదే సొమ్ముతో సమయమునకు టైరు మార్చుట మేలు.

కాగితము చదువక వ్రేలిముద్ర వేయరాదు

చందా కట్ట నిశ్చయించుకొన్నవారు ఈ ప్రశ్నలు అడుగక సొమ్ము ఈయరాదు.

ఒకటి: బండిని ఎంత దూరము ఉచితముగా మోసెదరు? ఇన్ని కిలోమీటర్లు మాత్రమే యనియు, లేదా సమీపపు గ్యారేజీవరకే యనియు పరిమితి యుండును. ఆపైని కిలోమీటరునకు ఇంత యని మనమే ఈయవలయును. సిద్దిపేటవద్ద నిలిచిన కారు ఉచితముగా జగిత్యాల చేరునని యెవరు చెప్పినను, ఆ మాట కాగితమున నున్నదేమో చూడవలయును.

రెండు: ఏటికి ఎన్నిమారులు వత్తురు? చందా కట్టిన దినమునుండియే చెల్లునా, కొన్ని దినములు గడువవలయునా?

మూడు: ఏ బండికి వర్తించును? సొంత కారునకు వ్రాసిన పత్రము కిరాయికి నడుపు కారునకు గాని, సిరిసిల్ల మగ్గముల బట్టను మోయు ఆటోకు గాని వర్తింపకపోవచ్చును. సొంత కారును కిరాయికి త్రిప్పువారు ఇందు మరింత జాగ్రత్త వహింపవలయును.

నాలుగు: కూలి వారిదైనను సామాను ఎవరిది? పెట్రోలు తెచ్చి పోసినచో పెట్రోలు వెల మనదే. టైరు మార్చినచో మన స్టెప్నీతోనే మార్చెదరు. స్టెప్నీలో గాలి లేనిచో వచ్చినవాడును చేయగలిగినది స్వల్పము.

అయిదు, అన్నిటికంటె ముఖ్యము: వచ్చువాడు ఎవడు, ఎచ్చటనుండి వచ్చును? ఫోను ఎత్తువాడు ఏ పట్టణముననో కూర్చుండును. బండివద్దకు వచ్చువాడు వారితో ఒప్పందము చేసికొన్న మనవైపు మెకానిక్కే. కోరుట్లలోగాని, జగిత్యాలలోగాని, సిరిసిల్లలోగాని అట్టివాడు వారికి లేనిచో కరీంనగరునుండియో నిజామాబాదునుండియో రావలయును. “ఈ మూడు పట్టణములలో మీ మనిషి యెవరు?” అని అడిగి, చెప్పలేనివారికి చందా కట్టకుండుటయే మంచిది.

జీఎస్టీ కలిపిన ధరను అడుగుటయు, కట్టిన సొమ్మునకు రసీదు పుచ్చుకొనుటయు మరువరాదు. ఫోనులో మాటాడి బ్యాంకు ఖాతా వివరములు అడుగువారికి ఏమియు చెప్పరాదు.

ట్రాక్టరు సంగతి

మన సభ్యులకు నిజముగా పెద్ద ఆపద కారువలన గాక ట్రాక్టరువలన గలుగుచున్నది. వరికోతల కాలమున ధాన్యము నింపిన ట్రాలీ కొనుగోలు కేంద్రమునకు పోవుచు దారిలో ఇరుసు విరిగియో, టైరు పగిలియో నిలుచును. మార్గసహాయ పథకములు ముఖ్యముగా కార్లను మోటారు సైకిళ్లను ఉద్దేశించినవి. నింపిన ట్రాలీని మోయుటకు వచ్చువారు అరుదు. ఇంతలో చీకటి పడును. వెనుక దీపము లేదు, మెఱయు పట్టీ లేదు. రైతు డీజిలుకో మనిషికో పోవును. వెనుకనుండి మోటారు సైకిలుపై వచ్చువానికి ఆ ట్రాలీ కనబడదు. చచ్చువాడు తరచు పొరుగూరివాడే, ఒక్కొక్కప్పుడు మన యింటివాడే. ధాన్యము తడిసిన నష్టము ఒక పంటతో తీరును. ఈ నష్టము తీరునది కాదు.

చట్టము సైతము ఈ విషయమున నిష్కర్షగా నున్నది. ఇతరులకు అపాయము కలుగునట్లు బండిని బహిరంగస్థలమున విడుచుట 1988 నాటి మోటారు వాహనముల చట్టముచే నిషిద్ధము. పది గంటలు దిక్కులేక విడిచిన బండిని పోలీసువారు తీయించి, ఆ ఖర్చును సొంతదారునినుండి వసూలు చేయవచ్చును.

బండి నిలువకుండ చూచుకొనుటయే మొదటి మార్గసహాయము. 2018 సెప్టెంబరు 11న కొండగట్టు దారిలో బస్సు పడి అరువదిమందికి పైగా మరణించిన దుఃఖమును మన జిల్లా మరువలేదు. బ్రేకులు, టైర్లు, మించని బరువు, మించని జనము: ఇవి సరిగా లేనిచో ఏ చందాయు ప్రాణమును కాపాడలేదు. బండిపై వెచ్చించుటకు వేయి రూపాయలున్నవాడు మొదట వీనిపై వెచ్చించి, మిగిలినచో చందా మాట తలపెట్టవలయును.

సంఘము చేయదగిన దేమి?

ఇది పదిమంది కూడి చేసికొనదగిన పని యని పైని చరిత్రయే చెప్పుచున్నది. మనము క్రేను కొనవలసిన పని లేదు. క్రింది నాలుగు పనులు ఏ సంఘమునకైనను సాధ్యములు.

మొదటిది, కోరుట్ల, మెట్‌పల్లి, జగిత్యాల, వేములవాడ, సిరిసిల్లలలోని మెకానిక్కులు, పంక్చరు దుకాణములవారు, క్రేను గలవారితో మాటాడి పగటి ధర, రాత్రి ధర ముందుగా నిర్ణయించి, వారి ఫోను సంఖ్యలను ఒక చీటీపై అచ్చువేయించి ప్రతి సభ్యునకు ఈయవలయును. అర్ధరాత్రి నడిరోడ్డుపై బేరము కుదరదు. పగలు సంఘము కార్యాలయమున కుదురును. చీటీ వెనుకవైపున 108, 112, 1033 సంఖ్యలును, “ఉన్నచోటు చెప్పునపుడు కిలోమీటరు రాతిపైని సంఖ్య చెప్పుడు” అను మాటయు నుండవలయును.

రెండవది, లాగుడు రాడ్డు, గట్టి మోకు, పెద్ద జాకీ, బ్యాటరీ తీగెలు, ఎఱ్ఱని హెచ్చరిక త్రికోణములు రెండు జతలు సంఘము గోదాములో నుంచి, పుస్తకమున వ్రాసి సభ్యులకు ఎరవీయవలయును. తిరిగి తేనివానికి జరిమానా యుండవలయును. అది లేనిచో మోకు మొదటి యేడే మాయమగునని మన మెఱుగుదుము.

మూడవది, మెఱయు పట్టీని టోకుగా కొని, కొనుగోలు కేంద్రము తెరువకమునుపే ప్రతి సభ్యుని ట్రాలీకి వెనుకను ప్రక్కలను అంటింపించవలయును. ఈ నాలుగింటిలో తక్కువ ఖర్చుతో ఎక్కువ మేలు చేయునది ఇదియే.

నాలుగవది, కారు బీమా గల సభ్యుల పట్టిక వ్రాసి, వారందరి పక్షమున సంఘమే బీమా కంపెనీలతో మార్గసహాయపు ధరను మాటాడవలయును. ఒంటరిగా పోయిన రైతు చెప్పిన ధర కట్టివచ్చును. నూర్గురి పక్షమున అడిగినచో బేరమునకు బలము గలుగును.

ఒక హెచ్చరిక. సంఘమే చందా వసూలుచేసి “బండి చెడినచో నష్టము మేమిత్తుము” అని వాగ్దానము చేయరాదు. అది బీమా వ్యాపారమగును; బీమా వ్యాపారము 1938 నాటి బీమా చట్టము క్రింద నమోదైనవారికే చెల్లును. ధర కుదిర్చి యిచ్చుట, సామాను ఎరవిచ్చుట, ఉపనియమములు అనుమతించినంతవరకు చిన్న మొత్తమును పంటపై తీర్చునట్లు అప్పుగా నిచ్చుట, ఇంతవరకే మన హద్దు. ఏది చేసినను సర్వసభ్య సమావేశపు తీర్మానముతోనే చేయవలయును.

“సంఘములు ఎరువులమ్మి అప్పులు వసూలు చేసికొన్న చాలదా? ఈ పనులేల?” అని కొంద రడుగవచ్చును. 1956లో నాటి కరీంనగరు జిల్లా ముల్కనూరులో విశ్వనాథరెడ్డిగారి పూనికతో స్థాపింపబడిన సహకార బ్యాంకు అప్పుతో ఆగిపోలేదు. ఎరువు, విత్తనము, పంట విక్రయము అన్నియు చేపట్టియే పేరు గాంచినది. 2023లో కేంద్ర సహకార మంత్రిత్వశాఖ పంపిన మాదిరి ఉపనియమములును ప్రాథమిక సంఘములకు ఇరువదియైదింటికి పైగా పనులను సూచించినవి. సభ్యుని అవసర మెచ్చటనో సంఘపు పని యచ్చటనే.

కావున సోదరులారా, దూరము పోవు పాత కారు గలవారు బీమాతో కలిసిన చౌక సహాయమును తీసికొనుడు. క్రొత్త కారు గలవారు రెండుమారులు చెల్లింపకుడు. మోటారు సైకిలువారు ఆ సొమ్మును టైర్లపై పెట్టుడు. ట్రాక్టరువారు రాబోవు సమావేశమునకు వచ్చి, పై నాలుగు పనులను తీర్మానముగా ప్రవేశపెట్టుడు. మెఱయు పట్టీ విషయము మాత్రము తీర్మానమునకు సైతము కాచుకొనక, ధాన్యము ట్రాలీలు రోడ్డెక్కకమునుపే ఎవరికి వారు ముగించుకొనవలయునని నా ప్రార్థన.